ఒక ఇంటికి ఒకే ఫోటో

నెస్టర్ గారు ఆ మాట అన్నప్పుడు నా రెండు చేతులూ పిండిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఖాళీగా ఉండి ఉంటే ఏదో ఒకటి తీసి విసిరేసేదాన్ని.

"ఒక ఇంటికి ఒక పేజీ, ఒకే ఫోటో. ఎవరికైనా ఇదే రూలు" అన్నారాయన, చర్చి కింద హాల్లో మా బల్ల చివర నిలబడి, జారిపోతున్న కళ్ళజోడు పైకి తోసుకుంటూ. ఆయన మా ఊరు నోవా జోరా బడిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రాష్ట్రం ఏర్పడి డెబ్బై ఐదేళ్ళు నిండుతున్నాయని ఆ ఏడు సస్కాచెవాన్‌లో ప్రతి ఊరూ తన చరిత్ర పుస్తకం తాను వేసుకుంటోంది. మా ఊరి పుస్తకానికి ఆయన పెద్ద. టైపు కొట్టేది నేను. అచ్చు ఖర్చుల కోసం గురువారం గురువారం ఆడవాళ్ళం చేరి, కజ్జికాయల్లా మడిచి నీళ్ళలో ఉడికించే పిరోహీలు చేసి అమ్ముతున్నాం.

"దుత్కా వాళ్ళ పేజీకి మా తెక్లా నాయనమ్మ ఫోటో ఇస్తున్నాను" అంది జోన్యా. అడగలేదు, చెప్పింది. బంగాళాదుంప ముద్ద పెట్టి అంచు నొక్కుతూ, తలైనా ఎత్తకుండా చెప్పింది.

జోన్యా మా మేనమామ ఇల్కో కూతురు. నాకంటే ఏడాది పెద్దది, కాబట్టి వదిన. దాని పిరోహీలు చూస్తే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళు మంట. అన్నీ ఒకే సైజులో, ఒకే వంపుతో, ఉడికేటప్పుడు ఒక్కటైనా విచ్చుకోదు. నావి పదిట్లో మూడు నీళ్ళలోనే నోరు తెరుస్తాయి. "దోకియా పిరోహీలు కూడా దోకియాలాగే, నోరు మూసుకుని ఉండలేవు" అని ఎవరో ఒకరు అనకుండా ఒక్క గురువారం గడవదు.

"నేను వర్వారా ఫోటో తెచ్చాను" అన్నాను.

"వర్వారా నాయనమ్మవి బోలెడు ఫోటోలున్నాయి కదే దోకియా. తెక్లాకి ఉన్నది ఒక్కటే" అంది జోన్యా మెత్తగా. ఆ మెత్తదనమే నాకు పడదు. అరిస్తే నేనూ అరుస్తాను, ఆ కళ నాకు వచ్చు. మెత్తగా మాట్లాడితే నలుగురిలో చెడ్డదాన్ని నేనే అవుతాను.

ఈ గొడవ ఎక్కడిదో చెప్పాలి. మా తాత ప్రోకిప్ దుత్కా 1899లో సముద్రం అవతలి పాత దేశం నుంచి పెళ్ళాంతో ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. ఆ పెళ్ళాం తెక్లా. వాళ్ళ మొదటి పిల్లాడు మా మేనమామ ఇల్కో. రెండో కాన్పులో తెక్లా పోయింది, పుట్టిన ఆడపిల్ల యుస్తీనా మాత్రం బతికింది. ఆరు వారాలు తిరక్కుండా తాత పక్క పొలంవాళ్ళ ఇంట్లో పనిచేస్తున్న పదహారేళ్ళ పిల్లని చేసుకున్నాడు. ఆ పిల్ల వర్వారా, మా అమ్మమ్మ. మా అమ్మ కత్రూస్యా ఆవిడ కడుపున పుట్టింది.

తెక్లా ఈ నేల మీద బతికింది నాలుగేళ్ళు. మా అమ్మమ్మ యాభై తొమ్మిదేళ్ళు. కానీ ఊళ్ళో ఎవరినైనా అడగండి! తెక్లా ఓడెక్కి వచ్చింది, తెక్లా నేల తవ్వి గుంట ఇల్లు కట్టింది, ఎద్దు చచ్చిపోతే తెక్లా భుజానికి తాడు కట్టుకుని నాగలి లాగింది. మా అమ్మమ్మ ఏం చేసింది? వెచ్చని ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఈ మాట మొదట అన్నవాళ్ళెవరో తెలియదు గానీ, తొలి పెళ్ళాం వైపువాళ్ళు అందరూ అంటారు. ఆ వెచ్చని ఇంట్లో రెండు సొంతం కాని పసిగుడ్లున్నాయని మాత్రం ఎవరూ అనరు. చచ్చిపోయినావిడతో పోటీ పడి చూడండి తెలుస్తుంది. ఆవిడ రొట్టె ఎప్పుడూ మాడదు, ఆవిడ ఎవరితోనూ పోట్లాడదు, ఆవిడకి ముసలితనం రాదు.

పైగా జోన్యా ఇంటి ముందుగదిలో ఆవిడ బొమ్మ ఉంది. పాత ఫోటోని పెద్దది చేయించి రంగులు వేయించిన బొమ్మ. నీలం కళ్ళు, ఎర్రపూల తలగుడ్డ, పెదవుల మీద కొంచెం గులాబి రంగు. ఇల్లు దీవించడానికి వచ్చిన ప్రతి ఫాదర్ దాని ముందు ఆగి "మీ నాయనమ్మగారా? ఎంత ప్రశాంతమైన ముఖం!" అనాల్సిందే. మా ఇంటికొచ్చిన ఫాదర్ వర్వారా ఫోటో చూసి "ఎవరో పనిలో ఉన్నట్టున్నారే" అన్నాడు. అవును, పనిలోనే ఉంది. పెరటి మట్టిపొయ్యి ముందు రొట్టెల పార పట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి, ఫోటో తీసేవాణ్ణి తిట్టబోతున్నట్టు నిలబడి ఉంటుంది. ఆ ఫోటోనే నేను సంచిలో పెట్టుకుని తెచ్చాను.

"చేతులెత్తండి" అన్నారు నెస్టర్ గారు.

ఎత్తారు. పిండి చేతులు, ఒకటి తర్వాత ఒకటి, అన్నీ తెక్లాకే. "ఓడెక్కి వచ్చినావిడ కదా దోకియా" అని నన్ను సముదాయించబోయింది ఒకావిడ. మా అమ్మమ్మ మటుకు ఈదుకుంటూ వచ్చిందా! ఆవిడా ఏడేళ్ళప్పుడు ఓడలోనే వచ్చింది, కాకపోతే ఎవరి పెళ్ళాంగానూ రాలేదు. నాకు ఏడుపొచ్చింది. రానివ్వలేదు. ఆ పూట నేను చేసిన పిరోహీలు ఒక్కటీ సరిగా మూతపడలేదు.

పుస్తకం అంటే మామూలు విషయం కాదు. మేం పోతాం, మా ఇళ్ళు పోతాయి, పిల్లలు ఇప్పటికే రెజైనాకీ ఎడ్మంటన్‌కీ పోయారు. రేపు ఎవరైనా దుత్కా వాళ్ళెవరని వెతికితే ఆ పేజీ ఒక్కటే దొరుకుతుంది. ఆ పేజీలో ఏ ముఖం ఉంటే ఆవిడే మా అందరికీ అమ్మ. మా అమ్మమ్మ ముఖం అందులో ఉండదు. ఆవిడ ముఖం లేని ఆ పేజీని టైపు కొట్టి సిద్ధం చెయ్యాల్సింది మళ్ళీ నేనే.

రెండు వారాల తర్వాత అచ్చువాడు ఫోన్ చేశాడట. రంగులేసిన బొమ్మ అచ్చులో నల్లగా మసి కొట్టినట్టు పడుతోంది, అసలు ఫోటో పంపించండి అని. ఈస్టర్‌కి ఇంకా పది రోజులుంది. హాల్లో ఎవరూ లేని వేళ టైపు కొట్టుకుందామని వెళ్ళాను. కిటికీ గట్టు మీద ఒక కవరు. జోన్యా రాత. "నెస్టర్‌కు మాత్రమే. ముఖం వరకు వేయాలి. మిగతాది వద్దు."

నెస్టర్‌కు మాత్రమేనట. అంటే నేను చూడకూడదనేగా? సరే, చూశాను.

నేను ఆ అసలు ఫోటో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. జోన్యా ఎవరికీ చూపించేది కాదు, తెక్లా భోషాణంలో అడుగున ఉంచేది. అరచేతంత అట్ట. మాలో ఎవరైనా పోతే శవపేటిక మూయకుండా ఇంటి ముందు పెట్టి, చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఫోటో తీయించుకునేవాళ్ళు, సముద్రం అవతల ఉన్నవాళ్ళకి పంపడానికి. ఇదీ అలాంటిదే. జోన్యా ఇంట్లో నీలం కళ్ళు తెరుచుకుని ఉన్న ముఖం, ఇందులో కళ్ళు మూసుకుని ఉంది. సరే, కళ్ళు రంగులవాడు గీసి ఉంటాడు. కానీ తల మీద తలగుడ్డ లేదు. పూలకిరీటం ఉంది. మైనంలో ముంచిన కాగితం పూలు, రెండు పక్కలా రిబ్బన్లు.



పెళ్ళికాని పిల్ల పోతే మాలో పెళ్ళికూతుర్ని చేసి పంపుతారు. తెల్లబట్టలు, కిరీటం, రిబ్బన్లు. పెళ్ళయిన ఆడదానికి మాత్రం ఆ కిరీటం ఉండదు. పెళ్ళిరోజే అది తీసేసి తలగుడ్డ కట్టేస్తారు, మళ్ళీ పేటిక మూసేదాకా ఆ గుడ్డ తల మీదే ఉంటుంది. ఇద్దరు పిల్లల తల్లి తెక్లాకి కిరీటం పెట్టి పంపడమంటే ఊళ్ళో ఆడవాళ్ళు ఊరుకునే పనేనా?

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. పేటిక కాళ్ళవైపు నిలబడింది మా తాత, మీసం అప్పటికే నెరిసింది. ఆయన పక్కన ఇల్కో మామయ్య, ఇరవై ఏళ్ళ వాడు. తెక్లా పోయినప్పుడు ఆయనకి మూడేళ్ళు! తలవైపు తలగుడ్డ కట్టుకుని ఒంగి ఉన్నది మా అమ్మమ్మ వర్వారా. ఇంక అనుమానమేముంది? అది తెక్లా కాదు. తెక్లా కూతురు యుస్తీనా. పదిహేడేళ్ళకి జ్వరమొచ్చి పోయిన యుస్తీనా.

నవ్వొచ్చింది. ఎవరూ లేని హాల్లో పైకే నవ్వాను. ముప్ఫై నాలుగేళ్ళు గోడకి వేలాడదీసి, దీపం పెట్టి, వచ్చిన ప్రతి ఫాదర్ చేత మెప్పించుకుని, ఊరి చేత చేతులెత్తించుకుని, చివరికి అది నాయనమ్మే కాదు! మేనత్త! ఓడెక్కలేదు, నాగలి లాగలేదు, ఈ గడ్డ మీదే పుట్టి మా అమ్మమ్మ చేతుల్లో పెరిగిన పిల్ల.

తర్వాత నవ్వు ఆగింది. ఎందుకంటే మా అమ్మ కూడా ఆ ఫోటోలో ఉంది. పద్నాలుగేళ్ళ కత్రూస్యా, అందరికంటే చివర, సగం భుజం ఫోటో బయటికి పోయి. ఎవరూ ఆమెని పట్టుకోలేదు. మా అమ్మమ్మ మాత్రం పేటిక మీదికి ఒంగి యుస్తీనా నుదుటి మీద చెయ్యి పెట్టి ఉంది. ఆవిడ ముఖం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా ఆవిడ ముఖం అలా లేదు.

ప్రతి క్రిస్‌మస్‌కీ జోన్యా ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ ఆ రంగుల బొమ్మ ముందు నిలబడి కళ్ళు తుడుచుకునేది. సవతి కోసం ఏడ్చేదేమిటీవిడ, వీళ్ళందరి ముందూ నా పరువు తీస్తూ, అని నేను పళ్ళు నూరుకునేదాన్ని. ఏడ్చింది సవతి కోసం కాదన్నమాట. పెంచిన పిల్ల కోసం. మా అమ్మ తన అక్క పేరెత్తినప్పుడల్లా ఎందుకు అంత చేదుగా ఎత్తేదో అప్పుడు అర్థమైంది. మా ఇంటి ఆడవాళ్ళకి ఈ మంట నాతో మొదలవలేదు.

ఆదివారం పూజ అయ్యాక, అందరూ కాఫీకి కూర్చున్నప్పుడు, ఆ ఫోటో మొత్తంగా బల్ల మీద పెడదామనుకున్నాను. "చూడండమ్మా, మీరు చేతులెత్తింది ఎవరికో" అందామనుకున్నాను. కానీ నాకు ఆదివారం దాకా ఆగే ఓపిక ఎక్కడిది? ఇంటికొచ్చి ట్రక్కు తాళం తీసుకున్నాను.

"ఎక్కడికే, దారంతా బురద" అన్నాడు మా ఆయన మెత్రో, పేపర్లోంచి తల తీసి.

"జోన్యా దగ్గరికి."

"ట్రక్కు దిగబడుతుంది."

"దిగబడితే నువ్వొచ్చి లాగు" అని వెళ్ళిపోయాను.

జోన్యా వంటింట్లో ఈస్టర్ బీట్‌రూట్ పచ్చడిలోకి ఖ్రిన్ దుంప తురుముతోంది. ఇసకలో దాచిన ఆ తెల్లదుంప తురుముతుంటే ఉల్లిపాయ ఎందుకూ పనికిరాదు, అంత ఘాటు. కిటికీలు తీసే ఉన్నా దాని కళ్ళూ ముక్కూ ధారగా కారుతున్నాయి. నన్ను చూసి "తలుపెయ్యి, కుర్చీ లాక్కో" అంది, తురమడం ఆపకుండా.

నేను కూర్చోలేదు. ఫోటో తీసి తురుము పళ్ళెం పక్కన పెట్టాను.

జోన్యా తల వంచి చూసింది. "నెస్టర్‌కి మాత్రమే అని రాశాను" అంది.

"చదివాను."

"ముఖం వరకే అని కూడా రాశాను."

"అదీ చదివాను. వదినా, ఇన్నేళ్ళూ ఎవరి బొమ్మకి దీపం పెడుతున్నావో నీకు తెలుసా?"

"యుస్తీనాకి" అంది జోన్యా.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"తెలుసా నీకు?"

"ఏమే, నేను ఈ ఊళ్ళో పుట్టలేదా? పెళ్ళికిరీటమేదో తలగుడ్డ ఏదో తెలియకుండానే పెరిగానా? మైనం పూలు ఈ చేతులతో ఎన్ని చేశాననుకున్నావు?"

"తెలిసీ ఊరందరి చేతా..."

"విను. నీ నోరు కాసేపు మూసుకుని విను" అంది. జోన్యా నాతో గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. నిజం చెప్పొద్దూ, కొంచెం హాయిగా అనిపించింది.

"నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు" అంది. "అమ్మ అంతకుముందే పోయింది. పిన్ని ఇంట్లో పెట్టారు నన్ను. నాతోపాటు ఆ భోషాణం వచ్చింది. అడుగున ఈ ఫోటో. తెక్లా భోషాణంలో ఉంది కాబట్టి ఇది తెక్లాయేనేమోనని పట్టుకుని మీ ఇంటికి పరిగెత్తుకొచ్చాను. నువ్వు ఆరుబయట ఎక్కడో బాతుల్ని తరుముతున్నావు. మీ అమ్మమ్మ ఒక్కతే ఉంది. ‘నాయనమ్మా, ఇది మా తెక్లా నాయనమ్మేనా?’ అని అడిగాను."

"ఆవిడ కాదని చెప్పి ఉంటుంది."

"అవునని చెప్పింది."

"అబద్ధం. మా అమ్మమ్మ అబద్ధం చెప్పదు."

"చెప్పింది దోకియా. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది. ‘అవునమ్మా, మీ నాయనమ్మే. నుదురు చూడు, నీ నుదురే. నువ్వు అచ్చం ఆవిడ పోలికే’ అంది."

మా అమ్మమ్మ నాతో ఒకే కప్పు కింద పందొమ్మిదేళ్ళుంది. ఒక్కసారి, ఒక్కసారైనా, నువ్వు ఫలానా వాళ్ళ పోలికే అని నాతో అన్నదా? పిండిలో నీళ్ళెక్కువయ్యాయి, కాళ్ళు తుడుచుకుని లోపలికి రా, పాలతెప్పాల మూత ఎవరు తీశారు, ఇవీ నాకు దక్కిన మాటలు. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం నాకు గుర్తే లేదు. ఇచ్చింది, తాను పెంచి పోగొట్టుకున్న పిల్ల ముఖాన్ని కూడా తీసి దీనికే ఇచ్చింది.

"మరి నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"నా పెళ్ళిరోజు. కిరీటం తీసి తలగుడ్డ కడుతుంటే అద్దంలో చూసుకున్నాను. అప్పుడు తట్టింది, ఆ ఫోటోలో ఉన్నది కిరీటమని. వారం తిరక్కుండా మీ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. నువ్వు అప్పుడు యార్క్‌టన్‌లో టైపు నేర్చుకుంటున్నావు. ఆవిడ పాలకి తోడు వేస్తోంది. ‘ఇది తెక్లా కాదు కదూ’ అన్నాను. తలెత్తలేదు. ‘నీకెవరూ లేరు కదే తల్లీ. ఒక ముఖమైనా ఉండనీ అని ఇచ్చాను. యుస్తీనా ఏమీ అనుకోదు, మంచిపిల్ల’ అంది."

జోన్యా తురుము పళ్ళెం పక్కకి జరిపి చేతులు తుడుచుకుంది.

"ఆ తర్వాతే పెద్ద బొమ్మ చేయించి, కిరీటం కనపడకుండా తలగుడ్డ గీయించాను. ఆవిడ ఇచ్చిన ముఖం, నేను కట్టిన గుడ్డ. అంతే నా నాయనమ్మ" అంది.

నా నోటికొచ్చినవన్నీ చెడ్డ మాటలే, మింగేశాను.

"ఇంకోటి ఉంది" అంది జోన్యా. "ఆ రోజు ఆవిణ్ణి ఇంకో మాట అడిగాను. ‘మరి దోకియాకి ఏమిచ్చావు?’ అని."

"ఎందుకడిగావు?"

"నీకు ఇంకా మంచిదేదో ఇచ్చి ఉంటుందని. కుళ్ళుకొద్దీ అడిగాను."

"ఏమంది?"

"‘దానికి వేరే ఏమివ్వాలే? దానికి నేనున్నాగా. నా నోరూ నా కోపమూ మొత్తం దానికే ఇచ్చేశాను. అది నేనే’ అంది."

నేను వేళ్ళతో లెక్క పెట్టుకున్నాను. జోన్యా పెళ్ళయిన 1946 నుంచి.

"ముప్ఫై నాలుగేళ్ళు" అన్నాను. "ఈ మాట నీ దగ్గర ముప్ఫై నాలుగేళ్ళుంది."

"ఉంది."

"అమ్మమ్మ పోయినప్పుడు నేను పేటిక పట్టుకుని ఎలా ఏడ్చానో చూశావు. నా మీద ప్రేమ లేకుండానే వెళ్ళిపోయిందని నీతోనే అన్నాను. నీతోనే! అప్పుడైనా చెప్పలేదేమే?"

"చెప్పాలనిపించలేదు. నీకు ఆవిడే ఉంది దోకియా. రోజూ తిట్టడానికి, జడ లాగి దువ్వడానికి, రొట్టె చివరిముక్క పెట్టడానికి. శనివారాలు మీ ఇంటికొచ్చి అది చూసి, పొద్దుగూకితే పిన్ని ఇంటికి పోయేదాన్ని. ఆవిడా నీకే, ఆ మాటా నీకే ఎందుకివ్వాలి? ఇవ్వలేదు."

కొడదామనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, చెయ్యి లేచింది కూడా. లేచిన చేత్తో ముఖం తుడుచుకున్నాను. యాభై మూడేళ్ళ మనిషిని, ముక్కు కారుతూ ఏడ్చాను. "దుంప ఘాటు" అన్నాను. "అవును, ఈ ఏడు మరీ ఎక్కువగా ఉంది" అంది జోన్యా, తనూ ముక్కు చీదుకుంటూ.

కాసేపటికి లేచి ఫోటో నా ముందుకి తోసింది. "మొత్తం వేసెయ్. యుస్తీనా అని రాయి. పక్కన మీ అమ్మమ్మ పేరు రాయి, మీ అమ్మ పేరూ రాయి. ఆదివారం నేనే లేచి అందరి ముందూ చెబుతాను. చాలు, ఈ వయసులో ఇంక నాకెందుకు."

నేను కోరుకున్నది అదే. సరిగ్గా అదే, పళ్ళెంలో పెట్టి ఇస్తోంది. కానీ ఆదివారం ఎలా ఉంటుందో నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. జోన్యా లేస్తుంది, మెత్తగా చెబుతుంది, ఉన్న ఒక్క నాయనమ్మ ముఖాన్నీ తన చేతులతోనే వదులుకుంటుంది. హాలంతా ఏడుస్తుంది. ఎంత పెద్ద మనసమ్మా నీది అని ఒకరి తర్వాత ఒకరు వచ్చి ముద్దులు పెట్టుకుంటారు. మా అమ్మమ్మ ఏమవుతుంది? చిన్నపిల్లకి అబద్ధం చెప్పిన ముసలావిడ అవుతుంది. నేనేమవుతాను? కవరు విప్పినదాన్ని అవుతాను.

"నువ్వేం లేవక్కర్లేదు" అన్నాను. "నోరు మూసుకుని నీ పిరోహీలు నువ్వు చేసుకో."

ఈస్టర్ వెళ్ళాక గురువారం అచ్చుకి పోయే పేజీలన్నీ నెస్టర్ గారి ముందు పెట్టాను. మా పేజీలో ఫోటో మీద కిటికీలా కత్తిరించిన అట్ట పెట్టి, ముఖం తప్ప ఏమీ కనపడకుండా పై అంచున అతికించాను. కింద "తెక్లా దుత్కా" అని కొట్టాను. పైన కథలో, తెక్లా కూతురు యుస్తీనాని వర్వారా పెంచిందని, పదిహేడో ఏట పోయిందని ఒక వాక్యం చేర్చాను. యుస్తీనా ఏమీ అనుకోదని అమ్మమ్మ అనుకుందిగానీ, నాకు అనుకుంటుందనే అనిపించింది.

నెస్టర్ గారు అన్నీ తడిమి చూసే రకం. అట్ట ఎత్తి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"దోకియా, ఇది పెళ్ళికాని పిల్ల కదా" అన్నారు.

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా లేచి వచ్చి మూగారు. ఒక్కరికీ చెప్పక్కర్లేదు, కిరీటం చూడగానే అందరికీ అర్థమైంది. జోన్యా లేవలేదు. దాని చేతిలో పిరోహీ సగం నొక్కి ఆగిపోయింది. అందరూ నావైపు చూస్తున్నారు. దోకియా ఇంక వదలదు, జోన్యాని ఏకిపారేస్తుంది అని ఎదురుచూస్తున్నారు. ఆ ఎదురుచూపు నాకు తెలుసు, యాభై ఏళ్ళుగా వాళ్ళకి నేనే కదా కాలక్షేపం.

"ఇది తెక్లా" అన్నాను. "మా అమ్మమ్మ వర్వారా చెప్పింది."

"కానీ కిరీటం..."

"మా అమ్మమ్మ ఇద్దరు సవతి పిల్లల్ని పెంచింది, తెక్లా వస్తువు ప్రతిదీ దాచింది. ఇది తెక్లా అని తన నోటితో చెప్పింది. మా అమ్మమ్మ మాట నిజం కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే, నా ముఖం మీద చెప్పండి."

ఎవరూ చెప్పలేదు. కళ్ళెదుట కిరీటం ఉంది, అయినా ఒక్కరూ నోరెత్తలేదు. వర్వారా మాట ఆ హాల్లో నెగ్గడం నేను చూడటం అదే మొదటిసారి. ఒక్కొక్కరూ వెళ్ళి తమ పిండి దగ్గర కూర్చున్నారు.

నెస్టర్ గారు మాత్రం మాస్టారే కదా, అంత తేలిగ్గా వదలరు. "సరే. అయితే ఆ మాట ఎవరు చెప్పారో కింద వెయ్యాలి. చరిత్ర అన్నాక ఆధారం ఉండాలి" అన్నారు.

"వెయ్యాలా?"

"తప్పకుండా వెయ్యాలి."

అక్కడే కాగితం ఎక్కించి కొట్టాను. తెక్లా దుత్కా, మామూలు అక్షరాల్లో. దాని కింద, "చెప్పినవారు: వర్వారా దుత్కా." వర్వారా పేరు మటుకు అన్నీ పెద్దక్షరాల్లో కొట్టాను. జోన్యా నా భుజం మీదుగా ఒంగి చదివింది.

"కుళ్ళుబోతుదానా" అంది నా చెవిలో.

"నువ్వే చెప్పాలి" అని, కాగితం మిషన్లోంచి లాగి నెస్టర్ గారికి ఇచ్చాను.